అండమాన్ ప్యాకేజీలు అమ్మే మన ట్రావెల్స్ వాళ్లకు బహిరంగ లేఖ: ఏనుగు లేని చోట ఏనుగు బొమ్మ వేయకండి

విశాఖ, విజయవాడ, హైదరాబాద్, ఇంకా చిన్నాపెద్దా ఊళ్లన్నిట్లో అండమాన్ టూర్లు అమ్మే ట్రావెల్స్ అన్నలకు, అక్కలకు నమస్కారం.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో టూరిస్టు కారు నడుపుతాను. 2024 సెప్టెంబర్‌లో ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ నోటికి ఇంకా పాత పేరే వస్తుంది, ఏమనుకోకండి. మా తాత శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డు పల్లె నుంచి ఓడెక్కి వచ్చి జంగ్లీఘాట్‌లో వల దింపాడు, మా నాన్న చేపలు పట్టాడు, నేను స్టీరింగ్ పట్టాను. 2011 లెక్కల్లో ఈ దీవుల జనాభా 3.8 లక్షలైతే అందులో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. మీరు పంపిన కుటుంబం ఎయిర్‌పోర్టులో దిగి "అరె, మీరు తెలుగువాళ్లా!" అని నోరు తెరుస్తుంది చూడండి, ఆ ఒక్క మాటతో సగం టెన్షన్ పోతుంది వాళ్లకి. నా ఇల్లు గడిచేది మీ గెస్టుల వల్లే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కిందవి చదివాక "వీడికి మా మీద ఏదో కడుపుమంట" అనుకుంటారు.

కడుపుమంట నిజమే. అది ఎక్కడ మొదలైందో చెబుతాను.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక కుటుంబం వచ్చింది. నాయనమ్మ, అమ్మానాన్న, ఆరేళ్ల పాప, రెండేళ్ల బాబు. పాప చేతిలో మీలో ఒకరు ఇచ్చిన రంగుల కాగితం, అందులో నీలం నీళ్లలో ఏనుగు ఈదుతున్న ఫోటో, కింద "ఎలిఫెంట్ బీచ్: పిల్లలకు పండగే" అని రాసి ఉంది. మొదటి రోజు కారెక్కినప్పటి నుంచి ఆ పాప అడిగింది ఒకటే, "అంకుల్, ఏనుగు మనల్ని కూడా ఎక్కించుకుంటుందా?" నేను వాళ్ల నాన్న వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. ఆ ఫోటోలో ఏనుగు పేరు రాజన్. కలప లాగడానికి తెచ్చిన ఏనుగు, ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఈదడం నేర్పించారు, 2002లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఇక్కడ చెట్ల నరికివేతకు అడ్డుకట్ట పడ్డాక హావ్‌లాక్ దీవిలో ఉండిపోయింది, 2016లో చనిపోయింది. చనిపోయి ఇన్నేళ్లయినా మీ కాగితాల మీద ఇంకా ఈదుతూనే ఉంది. ఎలిఫెంట్ బీచ్‌లో ఏనుగు లేదు, పేరు మాత్రం మిగిలింది.

ఆ రాత్రి ప్యాకేజీ అమ్మినాయనకి ఫోన్ చేశాను. "పిల్లలు కదా బ్రదర్, ఐస్‌క్రీమ్ కొనిస్తే మర్చిపోతారు" అన్నాడు. తర్వాత ఆయనకీ, నాకు పార్టీలు పంపే ఇంకో ఏడెనిమిది మందికీ వివరంగా వాయిస్ మెసేజులు పెట్టాను, తప్పులు ఏవో, ఎలా సరిచేయొచ్చో. నీలం టిక్కులు పడ్డాయి. ఒకరు నమస్కారం బొమ్మ పెట్టారు. ఇద్దరు నాకు పార్టీలు పంపడం మానేశారు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను, ఎవరి గురించో వాళ్లకు తెలుసు.

మీరు "ఫ్యామిలీ స్పెషల్" అని అమ్మేదానికీ, కుటుంబాలకు ఇక్కడ జరిగేదానికీ తేడా ఇదీ.

1. బీచ్ అంటే అన్నీ ఒకటే కాదు. మీ ప్లానులో "రోజు 3: కాలాపత్థర్ బీచ్‌లో స్నానం" అని ఉంటుంది. కాలాపత్థర్ పేరులోనే ఉంది కదండీ నల్లరాయి అని, అది చూడటానికి అందంగా ఉండే చోటు, తెల్లవారుజామున ఫోటోలకు బాగుంటుంది, పిల్లల్ని నీళ్లలో దింపితే మోకాళ్లు గీరుకుపోతాయి. హావ్‌లాక్‌లో పసిపిల్లలతో దిగడానికి పనికొచ్చేది రాధానగర్. కింద అంతా మెత్తటి ఇసుక, రాళ్లు తక్కువ, బట్టలు మార్చుకోవడానికి గదులు, లైఫ్‌గార్డులు ఉంటారు. 2020లో మన విశాఖ రుషికొండతో పాటే దీనికీ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. కానీ అది పడమటి ఒడ్డు, మే నెలాఖరు నుంచి నైరుతి గాలి మొదలైతే అక్కడి అలలు పెద్దవాళ్లనే పడేస్తాయి. మే నెలాఖరు, జూన్ సెలవుల్లో "ఆఫ్ సీజన్ డిస్కౌంట్" అని పంపినప్పుడు ఈ ఒక్క ముక్క ఎందుకు చెప్పరు? నీల్ దీవిలో చిన్నపిల్లలకు భరత్‌పూర్ బీచ్ మంచిది, జెట్టికి దగ్గర, లోతు తక్కువ. సీతాపూర్ సూర్యోదయం చూసి వెనక్కి వచ్చేయాల్సిన చోటు. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సహజ రాతి వంతెన ఉంది, చూసి తీరాల్సిందే, అయితే దాని దగ్గరికి నాచు పట్టిన రాళ్ల మీద నడవాలి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మని "ఐదు నిమిషాల నడకే" అని పంపితే ఏమవుతుంది? ఒక పెద్దావిడని నేనూ, కొబ్బరి బొండాలమ్మే కుర్రాడూ కలిసి చేతుల మీద మోసుకొచ్చాం. ఎముక విరగలేదు, దేవుడి దయ. విరిగి ఉంటే నీల్‌లో ఉన్న చిన్న ఆసుపత్రిలో కట్టు కట్టి పోర్ట్ బ్లెయిర్‌కి పంపుతారు, అంటే మళ్లీ పడవ.

2. ఆటుపోట్లు. మీ ప్లానుల్లో ఎక్కడా కనపడని మాట ఇది. మా తాత పొద్దున్నే లేచి పళ్లు తోముకునే ముందు పోటా, ఆటా చూసేవాడు. ఇక్కడ రోజుకి రెండుసార్లు సముద్రం పైకి వస్తుంది, రెండుసార్లు వెనక్కి పోతుంది, ఆ వేళలు రోజూ ముప్పావు గంటో గంటో ఆలస్యమవుతుంటాయి. నీళ్లు వెనక్కి పోయినప్పుడు భరత్‌పూర్‌లో గ్లాస్ బోటు తిరగదు, పిల్లల కాళ్ల కింద నీళ్లకి బదులు చచ్చిన కోరల్ (పగడాల) ముక్కలుంటాయి. అదే వేళ లక్ష్మణ్‌పూర్ రాతి వంతెన దగ్గరికి పోతే గుంటల్లో నిలిచిన నీళ్లలో పీతలు, సముద్ర దోసకాయలనే జీవులు, చిన్న చేపలు కనిపిస్తాయి, పిల్లలు కదలమన్నా కదలరు. అంటే ఒకే రోజు, ఒకే దీవి, వరస మారిస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా టూరు బాగుపడుతుంది. కానీ మీ ప్లానులో భరత్‌పూర్ పొద్దున పదింటికి అని అచ్చేశారు, ఏడాది పొడవునా పదింటికే. సముద్రం మీ టైంటేబుల్ చదవదు కదా. ఆటుపోట్ల వేళలు ముందే లెక్కగట్టి ఉంటాయి, ఫోన్‌లో దొరుకుతాయి. పార్టీ తేదీలు ఖాయం కాగానే చూసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

ఇంకోటి, ఇక్కడ పొద్దు తొందరగా గూకుతుంది. డిసెంబర్‌లో సాయంత్రం ఐదు దాటితే సూర్యుడు లేడు. "సాయంత్రం 5:30 సన్‌సెట్" అని రాసి పంపిన ప్లాను నా దగ్గర దాచి ఉంచాను, నవ్వొచ్చినప్పుడు చూసుకోవడానికి.

3. మొసలి. దీని గురించి మాట్లాడితే వ్యాపారం పోతుందని మీ భయం, నాకు అర్థమవుతుంది. ఇవి ఉప్పునీటి మొసళ్లు, మడ అడవుల్లో, కాలువలు సముద్రంలో కలిసే చోట్ల ఉంటాయి, ఒక్కోసారి తీరం వెంబడి ఈదుకుంటూ బీచ్‌ల దాకా వస్తాయి. 2010లో రాధానగర్ పక్కనున్న చిన్న కోవ్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ యువతిని మొసలి చంపేసింది. వండూర్‌లో, కార్బిన్స్ కోవ్‌లో హెచ్చరిక బోర్డులున్నాయి, మొసలి బొమ్మతో సహా. ఆ బోర్డు పక్కన నిలబడి సెల్ఫీ దిగి, ఆ తర్వాత "మా ట్రావెల్స్ వాళ్లు దిగొచ్చన్నారు" అని నాతో గొడవపడిన నాన్నలున్నారు. వాళ్ల తప్పు కాదు. డబ్బు కట్టించుకున్నవాడి మాట కంటే డ్రైవర్ మాట ఎందుకు వింటారు? బోర్డు ఉన్నచోట దిగకపోతే, గార్డు ఈల వేస్తే బయటికి వచ్చేస్తే, చీకటి పడే వేళ, తెల్లవారుజామున కాలువ దరిదాపుల్లో నీళ్లలో ఆడకపోతే ప్రమాదం చాలా తగ్గిపోతుంది. ఇది భయపెట్టడం కాదు. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడమన్నట్టే. ఇందులో మా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను: కోళ్ల వ్యర్థాలు, చేపల పొట్టలు కాలువల్లో పారేసి వాటిని ఊళ్ల దగ్గరికి రప్పించింది మేమే.

4. రాస్ ఐలాండ్ జింకలు. పిల్లలకి ఇక్కడ నిజంగా దగ్గర నుంచి కనపడే జంతువులేవైనా ఉంటే ఇవే. 2018 నుంచి ఆ దీవి పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. 1858 నుంచి తెల్లదొరలు అక్కడ కూర్చుని ఈ దీవులన్నిటినీ ఏలారు, ఇప్పుడు వాళ్ల బంగళాల గోడల్ని మర్రి వేళ్లు మింగేశాయి, వాటి మధ్య చుక్కల దుప్పులు, నెమళ్లు తిరుగుతుంటాయి. చుక్కల దుప్పి ఈ దీవుల జంతువు కాదు, దొరలే తెచ్చి వదిలారు, అది ఇప్పుడు వేరే దీవుల అడవుల్లోనూ పెరిగిపోయి మొలకల్ని లేవనివ్వడం లేదు. ఆ కథ పిల్లలకి చెబితే ఎంత బాగుంటుంది! మీ ప్లానులో ఏముంది? "డీర్ ఫీడింగ్." బిస్కెట్, చిప్స్, కుర్‌కురే, ఒక్కోసారి ప్యాకెట్‌తో సహా. నేను కూడా మొదట్లో కారులో రెండు బిస్కెట్ ప్యాకెట్లు ఉంచేవాణ్ని, పిల్లలు సరదాపడతారని. ఒకరోజు ఒక దుప్పి ప్లాస్టిక్ కవర్ నమిలి నమిలి కక్కలేక మింగలేక నిలబడి ఉండటం చూశాక మానేశాను.

5. నక్షత్ర చేపని చేతిలో పెట్టుకుని ఫోటో. ఇది మీ పేజీల్లో "మెమొరబుల్ మూమెంట్" అట. దానికి ఊపిరి నీళ్లలోనే. మీ గెస్టు నవ్వు కుదిరే దాకా, ఇంకో యాంగిల్, ఇంకో యాంగిల్ అంటూ ఉంటే అది చేతిలోనే చస్తుంది, పైకి మాత్రం ఏ మార్పూ కనిపించదు, తిరిగి నీళ్లలో వేసేస్తారు, బతికిపోయిందనుకుంటారు. కోరల్ మీద నిలబడటం కూడా అంతే. బండలా పెరిగే కోరల్ ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప, ఒక్క కాలు పడితే పదేళ్లది పోతుంది. 2010లో, మళ్లీ 2016లో సముద్రం వేడెక్కి ఇక్కడి కోరల్ చాలా భాగం తెల్లబడి దెబ్బతింది. మిగిలినదాన్నే మీరు అమ్ముతున్నారు. సరుకు మీద కాలు పెట్టే వ్యాపారి ఎవడైనా ఉంటాడా?

6. గవ్వలు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, ఎక్కువ కన్నీళ్లు దీని మీదే. పాప మూడు రోజులు ఏరుకున్న గవ్వలు, తెల్లటి కోరల్ ముక్క, ఒక పెద్ద శంఖం. ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో పట్టేసుకుంటారు. కోరల్ బతికున్నదైనా చచ్చినదైనా 1972 వన్యప్రాణి చట్టం కిందికే వస్తుంది, కొన్ని శంఖాలు కూడా. కేసు పెడితే జైలు దాకా పోతుంది. సంచి తెరిచి పిల్ల ముందే ఒక్కొక్కటీ బయట పెడుతుంటే ఆ పిల్ల ఏడుపు, విమానం టైమైపోతోందని తల్లి కంగారు. "ఇసుకలోంచి ఏమీ తీసుకెళ్లొద్దు" అన్న ఒక్క వాక్యం మీ కాగితంలో ఎక్కడా లేదు, హోటల్ చెక్ అవుట్ రూల్స్ మాత్రం పదకొండు వాక్యాలు.

7. ఇది రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాయాలి. బారాటాంగ్ దీవికి వెళ్లే రోడ్డు జార్వా ఆదివాసుల అడవిలోంచి పోతుంది. ఆ టూరు అమ్మేటప్పుడు మీలో కొందరు చెవిలో చెప్పే మాట: "అదృష్టం ఉంటే దారిలో జార్వాలు కనిపిస్తారు." నా కారులో కూర్చున్న ఏడో తరగతి కుర్రాడు అడిగాడు, "అంకుల్, జార్వాలు పొద్దున కనిపిస్తారా, సాయంత్రం కనిపిస్తారా?" పులి గురించి అడిగినట్టు. వాడికి అలా చెప్పింది మీరు. వాళ్లు మనుషులు. కొన్ని వందల మందే. వాళ్ల అడవిలోంచి మనం రోడ్డు వేసుకుని, కాన్వాయ్ కట్టి వెళ్తున్నాం. 1999లో వాళ్లకి తట్టు సోకి మంచాన పడ్డారు, బయటి నుంచి వచ్చిన జబ్బు అది. 2012లో టూరిస్టుల కోసం వాళ్లచేత డాన్సు చేయించిన వీడియో బయటపడి ప్రపంచమంతా ఉమ్మేసింది, 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆ దారిలో టూరిస్టుల్ని కొన్ని వారాలు ఆపేసింది కూడా. ఫోటో తీయకూడదు, ఆపకూడదు, ఏమీ ఇవ్వకూడదు, తీస్తే జైలు. కాన్వాయ్‌లో ఉన్నప్పుడు నేను అద్దాలు ఎత్తేసి ఫోన్లు బ్యాగులో పెట్టిస్తాను. దానికి కూడా రివ్యూలో ఒక్క స్టార్ ఇచ్చారు, "డ్రైవర్ రూడ్" అని. ఇవ్వనివ్వండి.

పైగా ఆ టూరు పసిపిల్లల టూరు కానే కాదు. పొద్దున ఆరు గంటల కాన్వాయ్ అందుకోవాలంటే తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర లైన్లో నిలబడాలి. తర్వాత అడవి దారిలో ఆపడానికి లేదు, బాత్రూమ్‌కి సహా. ఆపైన వెహికల్ ఫెర్రీ, స్పీడ్‌బోటు, సున్నపురాయి గుహ దాకా కిలోమీటరుకు పైగా ఎండలో నడక. రెండేళ్ల బాబుని, డెబ్బై ఏళ్ల నాయనమ్మని ఆ దారి పట్టించి "ఎకో టూర్" అని పేరు పెట్టారు. ఆ సంక్రాంతి కుటుంబం బారాటాంగ్ నుంచి తిరిగొచ్చేసరికి బాబుకి జ్వరం, నాయనమ్మ కాళ్లు వాచిపోయాయి, మర్నాడు పొద్దున ఆరింటికి హావ్‌లాక్ ఫెర్రీ. ఎవరు వేశారండీ ఆ ప్లాను? కంప్యూటరా?

8. మూడు రాత్రులు, నాలుగు పగళ్లలో పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, బారాటాంగ్ అన్నీ. అరచేతిలో వైకుంఠం. ఫెర్రీ వాతావరణం చూసుకుని కదులుతుంది, గాలి లేస్తే రద్దవుతుంది, అప్పుడు తిరుగు విమానం తప్పిపోతుంది, ఆ టికెట్ల డబ్బు మీరు ఇవ్వరు. రెండేళ్లు కూడబెట్టుకుని వచ్చిన టీచరమ్మ ఒకావిడ ఆ పూట జెట్టి మెట్ల మీద కూర్చుని లెక్కలు వేసుకోవడం చూశాను. నేను చేయగలిగింది టీ తెచ్చివ్వడమే.

ఇంతా రాసి "జంతువులు లేవు, బీచ్‌లు వద్దు, రాకండి" అంటున్నానని అనుకోవద్దు. సరిగ్గా చెప్పి అమ్మితే ఇక్కడ పిల్లలకి చూపించడానికి ఎంత ఉందో మీకే తెలియదని నా బాధ. ఊళ్లోనే సముద్రిక మ్యూజియం ఉంది, అక్కడ నీలి తిమింగలం ఎముకల గూడు చూసి నోరెళ్లబెట్టని పిల్లాణ్ని నేను చూడలేదు, వాన పడిన రోజుకి దాన్ని మించింది లేదు. చిడియా టాపూ పేరుకి తగ్గట్టే పక్షుల చోటు, పాతిక కిలోమీటర్లు, అడవి అంచున బయలాజికల్ పార్కు, సాయంత్రం సూర్యాస్తమయం. అక్కడ నీళ్లలో దిగక్కర్లేదు, కూర్చుని చూస్తే చాలు. వండూర్ నుంచి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కుకి పడవలుంటాయి, 1983లో ఏర్పడిన పార్కు, పదిహేను దీవులు, అయితే టూరిస్టుల్ని జాలీ బాయ్‌కో రెడ్ స్కిన్‌కో కాలాన్ని బట్టి ఒకదానికే పంపుతారు, ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. ఆ ఒక్క రూలు వల్లే అక్కడి నీళ్లు ఇంకా అద్దంలా ఉన్నాయి. కొంచెం పెద్ద పిల్లలు, వారం పైగా సమయం ఉంటే ఉత్తరాన దిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ తీరం. నాలుగు రకాల సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు అది, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, అటవీ శాఖ వాళ్లు గుడ్లు కాపాడి పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. రాత్రి టార్చి వేయకుండా, మాట్లాడకుండా చూడటం నేర్చుకున్న పిల్లవాడికి ఏనుగు బొమ్మ అక్కర్లేదు. నిజం చెప్పాలంటే తాబేలు పిల్లల కోసం ఇంత దూరం రావక్కర్లేదు కూడా. విశాఖలో, శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఏటా వస్తాయి, అక్కడా గుడ్లు కాపాడే చోట్లున్నాయి. విశాఖలో ఆఫీసు పెట్టుకుని అండమాన్ తాబేళ్లు అమ్మేవాళ్లలో ఎంతమంది అవి చూశారు?

ఆ పాప సంగతి చెప్పలేదు కదా. ఆఖరి రోజు ఏనుగు లేదని నేనే చెప్పాల్సి వచ్చింది. రాజన్ కథంతా చెప్పాను, అడవిలో దుంగలు లాగడం, సముద్రంలో ఈదడం, ముసలిదై చెట్ల కింద తిరగడం. చనిపోయిందని చెప్పాను. ఏడవలేదు. కాసేపు ఆగి, "మరి ఈ కాగితం వేసినవాళ్లకి తెలీదా అంకుల్?" అంది.

తెలీదని చెప్పాను. మీ పరువు కాపాడాను. ఇంక కాపాడలేను, అందుకే నా కోరికలు ఇవీ:

ఒకటి, చనిపోయిన ఏనుగు ఫోటోలు, నక్షత్ర చేప చేతిలో పట్టుకున్న ఫోటోలు, జింకకి చిప్స్ పెడుతున్న వీడియోలు, అన్నీ మీ కాగితాల్లోంచి, పేజీల్లోంచి తీసేయండి.

రెండు, జార్వాల మాట ప్యాకేజీతో కలిపి ఎత్తకండి. నోటితో కూడా వద్దు. ఐదేళ్ల లోపు పిల్లలు, నడవలేని పెద్దలు ఉన్న పార్టీకి బారాటాంగ్ అమ్మకండి, అడిగితే కారణం చెప్పండి.

మూడు, ప్రతి బీచ్ పక్కన ఒక్క మాట రాయండి: దిగొచ్చు, చూడొచ్చు, దిగకూడదు. మొసలి బోర్డు ఉన్నచోట ఉందని రాయండి. ఏ నెలలో అలలు పెద్దవో రాయండి.

నాలుగు, ఆటుపోట్లు చూసి రోజు వరస వేయండి. చేతకాకపోతే తేదీలు నాకు పంపండి, వేసి ఇస్తాను, డబ్బులు వద్దు. మా నాన్న బతికే ఉన్నాడు, ఆయన క్యాలెండర్ చూడకుండా చెబుతాడు.

ఐదు, పిల్లలూ పెద్దలూ ఉన్న కుటుంబానికి ఐదు రాత్రులకు తక్కువ అమ్మకండి, తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పెట్టండి. ఫెర్రీ రద్దయితే డబ్బు ఎవరు ఎంత భరిస్తారో ముందే కాగితం మీద రాసివ్వండి. ఈ ఒక్కటి మాత్రం బేరం లేదు.

ఆరు, గవ్వలు, కోరల్, శంఖాలు తీసుకెళ్లకూడదని పెద్ద అక్షరాలతో రాయండి. పనిలో పనిగా ఇసుకలో కుట్టే శాండ్ ఫ్లైల గురించి కూడా, పిల్లలకి పొడుగు బట్టలు, కొబ్బరి నూనె తెచ్చుకోమని. పాపం, దద్దుర్లు చూసి అమ్మలు హడలిపోతున్నారు.

ఏడు, మా మాట వినండి. డ్రైవర్లు, పడవవాళ్లు, లైఫ్‌గార్డులు, మేమంతా మీ పార్టీలకి వద్దు అని చెప్పినప్పుడు వెంటనే ఫోన్ చేసి "తీసుకెళ్లవయ్యా, ఏం కాదు" అనకండి. ఏదైనా అయితే నీళ్లలో దూకేది మేము.

అక్టోబర్ నుంచి సీజన్. దసరాకి మీరు కొత్త కాగితాలు అచ్చు వేయిస్తారని తెలుసు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మార్చిన ప్లాను ఎవరు పంపినా ఆ ట్రావెల్స్ గురించి నా గెస్టులందరికీ నేనే గొప్పగా చెబుతాను, మాట ఇస్తున్నాను. దసరా దాటినా అదే ఏనుగు కనిపిస్తే ఈ ఉత్తరం ప్రింటు తీయించి నా కారు సీటు వెనక జేబులో పెడతాను. ట్రాఫిక్ ఉంటే ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి ఇరవై నిమిషాలు పడుతుంది, చదువుకోవడానికి సరిపోతుంది.

ఇట్లు,
పోర్ట్ బ్లెయిర్ నుంచి మీ పార్టీలను తిప్పే ఒక డ్రైవర్